ఎవరి ఎద మీద

ఉప్పల్‌లో ఉప్పలమ్మ ఇల్లు. ఆదివారం పొద్దున. కోడలి తల్లి తారామణి దవాఖాన నుంచి నేరుగా వచ్చి, ఖాళీ క్యారియర్‌ను వంటింటి గట్టు మీద పెట్టింది. ఉప్పలమ్మ మూతలు తీసి చూసింది.

"గిది మా మూత కాదు వదినె."

"ఏది?"

"గిదే, నడిమి గిన్నెది. మా మూత మీద మీ అన్న పేరు కొట్టిచ్చి ఉంటది. దీని మీద ఎవలో యాదమ్మ అని ఉన్నది."

"వార్డుల అందరం ఒక్క నల్లా కాడనే కడుగుతం. తారుమారైనట్టున్నది. సాయంత్రం అడిగి తెస్త తియ్యి."

"సాయంత్రం దాంక యాదమ్మ ఉంటదా? డిశ్చార్జి అయి పోయిందనుకో, మా మూత ఆమెతోని పాయె."

"మూతే గద."

"మూతే గద అంటవ్. సెట్టంత ఖరాబైతది. స్టీలు సామాను ఎట్ల కొంటరో నీకేమన్న ఎరుకనా?"

"ఎరుకనే వదినె. మేము గుడ గిన్నెలల్లనే వండుకుంటం, చిప్పలల్ల కాదు."

"అగో, నేను గట్ల అన్ననా?"

"అనకున్నా ఇనవడ్డది. రాత్రంత పిల్లను ఎద మీద పెట్టుకొని కుర్చీల కూసున్న. కన్ను మూయలే. ఇంట్లకొచ్చి ఇంకా చెప్పులు గుడ ఇడువలే, మూత అంటవ్."

"చాయ పొయ్యి మీదనే ఉన్నది, పోసుకో. వద్దన్నదెవలు?"

"చాయ వద్దు. ఒక్క మాట చెప్పి పోదామని వచ్చిన."

"చెప్పు."

"ఇయ్యాల పగటీలి నువ్వు పో. రేపటి సంది గుడ పగలంత నువ్వే. నాచారం కంపెనీల నా సెలవు అయిపోయింది. రేపు ప్యాకింగు లైను మీద నిలవడకుంటె ఇంకొకలను పెట్టుకుంట అన్నడు సూపర్‌వైజర్. రాత్రి నేను కూసుంట, పగలు నువ్వు కూసో."

"నేనా?"

"మరెవలు? నానమ్మవు కాదా?"

"తొలి కాన్పు తల్లిగారిది వదినె. ఏ ఇంట్లనన్న అడుగు. పురుడు పోసుడు, పిల్లను సూసుడు, బాలింతకు పత్తెం పెట్టుడు, అన్ని తల్లిగారిమీదనే ఉంటయి."

"నేను తోల్కపోయేదాంక ఆగిందా పిల్ల? ఏడో నెల నడుస్తుండంగనే వచ్చే. సీమంతం చీర గుడ కొనలే నేను."

"గదే అంటున్న. మా ఇంట్ల ఉన్నన్ని రోజులు కోడలు మంచిగనే ఉండె. మీ నాచారం పోయొచ్చినంకనే..."

"ఒక్క పూట వచ్చింది! సర్వపిండి తిన్నది, పోయింది. సర్వపిండి తింటె కాన్పయితదా?"

"నేను గట్ల అనలే."

"అన్నవ్."

"అనలే అంటున్న గద!"

"సరె, అనలే. పోతవా, పోవా?"

"మీ అన్నకు టైముకు అన్నం పెట్టాలె. గోలీలు ఇయ్యాలె. గుండెల స్టెంటు ఏసిన మనిషి. ఆయినను ఒక్కన్నే ఇడిశిపెట్టి ఎట్ల పోదును?"

"అన్న ఇప్పుడు మంచిగనే తిరుగుతుండు గద. పొద్దుగాల కాలనీ మొత్తం తిరిగొచ్చి పేపరు చదువుతడు."

"నా మోకాళ్లు సూసినవా? మూడంతస్తులు ఎక్కాలె. లిఫ్టు ఉన్నదా? ఉన్నా నడుస్తదా?"

"మెల్లగ ఎక్కు. పొద్దంత టైము ఉన్నది."

"మహిపాల్ పోరాదా? తండ్రి కాదా వాడు? మొగోళ్లను గుడ కూసోవెడుతున్నరంట గద."

"ఎద మీద గంత పెద్ద తామర పెట్టుకొని వచ్చిండు నీ కొడుకు. సిస్టరు పిల్ల దగ్గరికే రానియ్యలే. తక్కువైనంక రా అన్నది."

"తడి బనీను ఏసుకొని ట్రాలీ ఆటో నడుపకురా అని ఎన్ని మాట్లు చెప్పిన? ఇంటడా?"

"నీ బిడ్డ సరిత బోడుప్పల్‌ల ఉన్నది. ఆమెను అడిగినవా?"

"అడిగిన. సర్దయ్యిందట."

"సర్దా, సాకా?"

"నా బిడ్డను అనకు వదినె. నీ బిడ్డను నేను అంటున్ననా?"

"పెండ్లయిన కాడికెళ్లి అంటనే ఉన్నవ్. ప్యాకింగు దాని బిడ్డ, మా పిలగాన్ని మలుపుకున్నది అని గల్లి గల్లికి చెప్పలేదా?"

"ఆ ముచ్చట ఇప్పుడెందుకు?"

"ఎందుకంటె, నా బిడ్డ ఫిట్సొచ్చి పండుకున్నది. లేస్తె కండ్లు తిరుగుతున్నయ్. బీపీ దిగేదాంక పిల్లను ఎత్తుకోవద్దని డాక్టరమ్మ చెప్పింది. పాలు పిండి పంపుతాంది, గదే మస్తు. ఇంక మిగిలింది నువ్వు, నేను. నాకు ఇంకెవలన్న ఉంటె నీ గడప తొక్కుదునా?"

"గాజు పెట్టె ఉన్నది గద. అండ్ల పండవెట్టమను. సర్కారు పెట్టింది ఎందుకు?"

"ఆ పెట్టెలు తక్కువున్నయ్. ఇయ్యాల పగటీలి దాంకనే అండ్ల ఉంచుతమన్నరు. ఇంకా పానం బాగలేనోళ్లకు కావాలె. మన పిల్ల ఊపిరి సక్కగ తీసుకుంటాందని బయటికి తీసిన్రు. కండ లేదు, కొవ్వు లేదు, నా అరచేతంత ఉన్నది. దాని ఒంట్ల వేడి పుట్టదంట. మనిషి ఒంటికి ఆనిచ్చి కడితె, ఆ వేడితోనే పెరుగుతదంట. కోడి పొదిగినట్టే. దించితె సల్లవడ్తది."

"మా కాలంల దూదిల సుట్టి, పక్కకు కుంపటి పెట్టేటోళ్లం."

"ఆ కుంపటి కాడ ఎందరు బతికిన్రో గుడ నువ్వే చెప్పు వదినె."

"నేను పోలేదా ఏంది? మొన్న బేస్తారం నాడు నేను పోలేదా? నువ్వు సెలవు నడుమ ఒక్క రోజు డ్యూటీకి పోతె పగలంత నేను కూసోలేదా? నా మోకాళ్లు పట్టుకపోయినయ్. మళ్ల మీదికెళ్లి నన్నే అంటవ్."

"కూసున్నవా?"

"కూసున్న."

"ఎద మీద పెట్టుకొని?"

"మరి నెత్తి మీద పెట్టుకుంటరా?"

"పిల్ల మొఖం ఏ దిక్కు మలిపి కట్టింది సిస్టరు?"

"ఏ దిక్కంటె... నా దిక్కే."

"నీ దిక్కంటె ముక్కు మూసుకపోయి సస్తది. పక్కకు మలిపి కడతరు. టోపీ ఏం రంగు?"

"గివన్ని ఎవలు సూస్తరు?"

"గడ్డం కిందనే ఉంటది టోపీ. పగలంత కూసున్న మనిషికి కనవడదా?"

"తెల్లది."

"పచ్చది. నా చీర కొంగు చింపి నేనే కుట్టిన."

"దవాఖానోళ్లు మార్చిన్రు కావచ్చు. పోలీసోళ్ల లెక్క ఏంది గీ అడుగుడు?"

"బేస్తారం మాపటికి నేను పోయేవరకు పిల్ల కాళ్లు మంచుగడ్డల్లెక్క ఉండె వదినె. పెట్టెల ఇద్దరు పిల్లల నడుమ ఇరికిచ్చి పెట్టిన్రు. ఊపిరి ఆపి ఆపి తీసుకుంటాంది. ముక్కుకు మళ్ల గొట్టం పెట్టిన్రు. ఎందుకు సల్లవడ్డదని అడిగితె, సిస్టరు మీవోళ్లనే అడుగున్రి అన్నది. నువ్వు జల్ది దించిపోయినవేమో అనుకున్న. ఇప్పుడు నాకు వేరే తీరు అనుమానం వస్తాంది."

"ఏం అనుమానం?"

"అత్తమ్మా, నేను చెప్త."

"మహిపాల్, నువ్వెప్పుడు లేశినవ్? తానం చేసి పో. ట్రాలీ తియ్యాలె గద నువ్వు."

"ఇయ్యాల ఐతారం. ట్రాలీ లేదు. అమ్మా, బేస్తారం నువ్వు లోపటికే పోలేదంట."

"ఎవలు చెప్పిన్రు?"

"అరుణ సిస్టరు. నిన్న పాలు ఇయ్యనీకి పోతె అడిగింది. మీ అమ్మ మళ్ల వస్త అని బయటికి పోయింది, రానే రాలేదు, ఏమైంది అన్నది. నువ్వు వస్తవని వాళ్లు ఎదురు సూసిన్రు. మేమేమో నువ్వు లోపల ఉన్నవనుకున్నం. ఫోను చేస్తె ఎత్తలే. రాత్రి నేను అడిగితె, కూసున్న బిడ్డా, మంచిగ నిద్రపోయింది అన్నవ్. నా మొఖం సూసుకుంటనే అన్నవ్."

"నేను మెట్ల కాడనే కూసున్న. ఎటూ పోలే. పొద్దు మునిగేదాంక గాడనే కూసున్న."

"మెట్ల కాడ కూసుంటె పిల్లకు వేడి తాకుతదా వదినె?"

"నువ్వు ఊకో! నా కొడుకుతోని మాట్లాడుతున్న."

"ఎందుకు పోలేదమ్మా? అది చెప్పు. బట్టలిప్పాలంటె సిగ్గా? అంత ఆడోళ్ల వార్డే గద. అడ్డం పరదా కడతరు."

"సిగ్గు కాదు."

"మరి?"

"పుస్తెలు తియ్యమన్నది."

"ఏంది?"

"మెడల ఏమీ ఉండొద్దంట. చేతులకు గాజులు, ఉంగరం, అన్ని తీసి సబ్బుతోని కడుక్కొమ్మన్నది. గాజులు తీసిన. కమ్మలు గుడ తీసిన. పుస్తెలు తియ్యలే. ఎనకకు ఏసుకుంట అన్న, ఒరిగినప్పుడు ముందటికి జారి పిల్లకు గీసుకపోతదన్నది. పసుపు కొమ్ము కట్టుకుంట అన్న, అది గుడ వద్దన్నది. పిల్ల తోలు కాగితం లెక్క ఉన్నదమ్మా, గుచ్చుకుంటె చీము వడ్తది అన్నది."

"తీసి కొంగుల కట్టుకుంటె అయిపోవు గద!"

"నోరు ముయ్యిరా. మీ నాయిన దవాఖానల ఉన్నప్పుడు నేను తిన్ననా, పండుకున్ననా? గివి పట్టుకునే కూసున్న. ఒక్క ఘడియ ఇడువలే. కండ్లు తెరిశిండు. గప్పటి సంది తానంల గుడ తియ్యలే నేను. గిప్పుడు తీసి, ఆయినకు ఏమన్న అయితె? అప్పుడు ఎవలిస్తరు నాకు? మీ అరుణ సిస్టరు ఇస్తదా?"

"అమ్మా, గట్ల ఏం కాదు."

"ఏం కాదని నీకెట్ల ఎరుక? నీ మెడల ఉన్నయా?"

"నువ్వు పుస్తెలు తియ్యకుంటె ఫికర్ లేదు వదినె. లోపటికి పోయి, నా తోని కాదు, ఇంకొకలను పిలువున్రి అని ఒక్క మాట చెప్తె అయిపోవు. నేను డ్యూటీ ఇడిశిపెట్టి ఉరుక్కుంట వద్దును. నువ్వు కూసున్న అని అబద్ధం చెప్పినవ్. నీ నమ్మకం సల్లగుండ, పిల్ల సల్లవడ్డది."

"నీకేం ఎరుక పుస్తెల ఇలువ. నీ మెడ..."

"అను. ఎందుకు ఆపినవ్? నా మెడ బోడి. పూర్తిగ అను."

"అంట. ఎందుకనను? పుట్టిన పిల్లను మొట్టమొదలు ముత్తైదువ ఎత్తుకోవాలె. మా ఇంట్ల గదే నడుస్తది. ఈ పిల్లను ఎవలు ఎత్తుకున్నరు మొదలు? నువ్వు! గా రోజు సంది ఒక్క మంచి మాట ఇన్నమా మేము? ఇయ్యాల ఊపిరి సక్కగ లేదు, రేపు పచ్చకామెర్లు, ఎల్లుండి ఇంకోటి."

"అమ్మా!"

"అననియ్యి మహిపాల్. ఇన్ని రోజులు కండ్లతోని అన్నది, ఇయ్యాల నోటితోని అంటాంది. నేను ఎత్తుకున్ననాడు ఆ పిల్ల నీలం రంగున ఉండె వదినె. డాక్టరమ్మ వచ్చి, ఎవలన్న ఉన్నరా, జల్ది, అంటె నువ్వు గడియారం సూస్తున్నవ్. వర్జ్యం ఉన్నది, ఆగున్రి అన్నవ్. నేను ఆగలే. నా తప్పు గదే."

"గొంతు తగ్గించున్రి ఇద్దరు. నాయిన గేటు తీస్తుండు."

"ఆయినకు చెప్పకు వదినె. నీ కాళ్లు మొక్కుత, చెప్పకు. పిల్ల మంచిగున్నదని చెప్పినం. గుండె ఆగిపోతది ఆయినకు."

"నా కాళ్లు మొక్కకు. ముత్తైదువవు."

మధ్యాహ్నం. నలుగురికీ కింద పీటలు వేసి విస్తరాకులు పరిచి ఉన్నాయి. ఉప్పలమ్మ భర్త రామస్వామి గోడ వారగా కూర్చున్నాడు. ఆయన పక్కన మహిపాల్, ఎదురుగా తారామణి. ఉప్పలమ్మ వడ్డిస్తోంది.

"పప్పుచారుల ఉప్పేసినవా?"

"నీకు తక్కువేసిన. డాక్టరు చెప్పిండు గద."

"తక్కువ కాదు ఇది, లేనే లేదు. చెల్లె, నువ్వన్న చెప్పు, ఉన్నదా?"

"ఉన్నదన్నా."

"మీ వదినె ముంగట గట్లనే అనాలె తియ్యి. తిను, తిను. పిట్ట లెక్క తింటున్నవేంది? పొల్ల ఎట్లున్నది?"

"మంచిగున్నదన్నా."

"బరువు వెరిగిందా?"

"పెరుగుతాంది నాయిన."

"మంచిగున్నది, పెరుగుతాంది. మరి ఇంటికెందుకు తోలుతలేరు?"

"జర రోజులు వడ్తది అన్నరు. నువ్వు తిను ముందుగల. దొండకాయ ఏద్దునా?"

"దొండకాయ ఎయ్యి గని, నేను గేటు కాడ ఎంతసేపు నిలవడ్డనో ఎరుకనా నీకు?"

"ఎప్పుడు?"

"పొద్దుగాల. మీరు వంటింట్ల కొట్లాడుకుంటాంటె, ఎదురింటి కరుణాకర్ బయటికొచ్చి, రామస్వామన్నా, మీ ఇంట్ల పంచాయితా అని అడిగిండు. లేదు, టీవీల సీరియల్ వస్తాంది అన్న. మొత్తం ఇన్న. మూత కాడికెళ్లి ఇన్న."

"నీకు చెప్పొద్దని కాదు..."

"నాకు చెప్పొద్దనే. ఊకో. మహిపాల్, నువ్వు చెప్పు. ఆడ ఏం చేస్తరు? సక్కగ చెప్పు."

"పిల్లకు లంగోటి, టోపీ, సాక్సులు అంతే నాయిన. ఇంకో బట్ట ఉండదు. మనం అంగి ఇప్పి ఎనకకు ఒరిగి కూసుంటె, పిల్లను మన ఎద మీద నిలువుగ పండవెట్టి గుడ్డతోని కడ్తరు. ఎంతసేపు ఉంటె అంత మంచిది. మన ఊపిరి ఇనుకుంట దాని ఊపిరి గుడ సక్కగ నడుస్తది అన్నరు. బరువు వచ్చేదాంక గట్లనే. ఇంటికొచ్చినంక గుడ కొన్నాళ్లు."

"మొగోళ్లను రానిస్తరా?"

"రానిస్తరు. నన్ను తామరకు వద్దన్నరు గని."

"నాకు తామర లేదు."

"నువ్వా?"

"నా మెడల ఏం లేదు. చేతికి గడియారం గుడ లేదు. మహిపాల్, ఆటో పిలువు. తిని లేస్త."

"ఏడికి లేస్తవ్? గుండెల స్టెంటు పెట్టుకొని? మూడంతస్తులు ఎక్కి?"

"డాక్టరు నాకు ఏమని చెప్పిండు? పండుకొని రెస్టు తీసుకొమ్మన్నడు. ఆడ చేసేది గదే గద. ఇంట్ల పండుకునేది దవాఖానల పండుకుంట."

"నవ్వులాటనా నీకు? ఆ గోలీలు తింటున్న మనిషివి. ఏమన్న అయితె?"

"ఏమన్న అయితె దవాఖానల్నే ఉంట గద. ఆటో కిరాయి గుడ మిగులుతది."

"మహిపాల్, మీ నాయినకు చెప్పురా!"

"నేనేం చెప్పాలె అమ్మా? నువ్వు పోవు. నాయినను పోనియ్యవు. అత్తమ్మ ఎత్తుకుంటె తప్పు అంటవ్. మరి దాన్ని ఏం చెయ్యమంటవ్? ఇంకో బేస్తారం వస్తె అది బతుకుతదా?"

"అది సావాలని నేను కోరుకున్ననారా? నా కొడుకు బిడ్డ కాదా అది? మెట్ల కాడ కూసుంటె ఎవలో పిల్ల ఏడ్సిన సప్పుడైనా నా పానం పోయింది. లేస్త, మళ్ల కూసుంట. లేస్త, మెడ మీద చెయ్యి పెట్టుకుంట, మళ్ల కూసుంట. మీకేం ఎరుక? ఆయిన కండ్లు తెరిశింది గీ పుస్తెలతోనే. మీ అందరికి డాక్టరు తెరిపిచ్చిండు అనిపిస్తది. అద్దం బయట నిలవడి సూసింది నేను. నేను పట్టుకున్న, ఆయిన తెరిశిండు. గంతే."

"వదినె."

"ఏంది? ఇంకేమన్న మిగిలిందా అననీకి?"

"నా మొగడు పోయిన నాడు నా మెడల గుడ పుస్తెలు ఉండె. లారీ బోల్తావడి జనగామ దవాఖానల మూడు దినాలు ఉండె ఆయిన. నేను గుడ నీ లెక్కనే పట్టుకొని కూసున్న. కండ్లకద్దుకున్న. తాడు నా గుప్పిట్లనే ఉండె, ఆయిన సల్లగయిండు. చెయ్యి తీసి సూస్తె పుస్తెలు నా అరచేతిల అచ్చువడి ఉండె. నేను గట్టిగ పట్టుకోలేదనుకుంటవా? నీకంటె తక్కువ మొక్కిననుకుంటవా? నా మొగన్ని నేను సంపుకోలే వదినె. నీ మొగన్ని నువ్వు బతికిచ్చుకోలే. నేను ఇన్ని రోజులు అనలే. అన్నం తినుకుంట అంటున్న, మన్నించున్రి అన్నా."

"నాకేం మన్నింపు చెల్లె. మజ్జిగ పొయ్యి ఉప్పలా. ఆగినవేంది, పొయ్యి. చెయ్యి ఎండుతాంది."

"అమ్మా, గంటె ఇటియ్యి. నేను పోస్త."

"నువ్వు కూసో. నేను పోస్త."

"ఏడుస్తున్నవా?"

"ఏడుస్తలేను. పచ్చిమిరపకాయ ఘాటు."

"మజ్జిగల మిరపకాయ ఏడికెళ్లి వచ్చె?"

"నీకు అన్ని పంచాయితీలే. ఆటో పిలిశినవారా?"

"ఇంకా లేదు. నాయినకు ఏ అంగి..."

"మీ నాయినకు కాదు. మీ నాయిన ఎటూ పోడు. తిని గోలీ ఏసుకొని పండుకుంటడు. నేను పోత. ఇయ్యాల సంది పిల్ల బరువు వచ్చేదాంక పగలంత నేనే."

"అమ్మా, నువ్వు మళ్ల మెట్ల కాడ..."

"మెట్ల కాడ కూసోను. ఇగ ఎన్నిమాట్లు అంటవురా? వదినె, అన్నం తిన్నంక సరిత వచ్చినప్పుడు పండుకునే అర్రల చాప ఏస్త, పండుకో. మాపటికి వచ్చి నన్ను లేపు. ఆయిన అడిగితె రెండో మాటు ఉప్పు ఇయ్యకు. మాయ చేస్తడు."

"నేను ఈడ పండుకోవాల్నా?"

"మరి నాచారం పోయి మళ్లొస్తవా? రాత్రి కుర్చీల తూగి పిల్లను పడేస్తె? నీకు మర్యాదలు చేస్తలేను, పిల్ల కోసం చెప్తున్న."

"సరె."

"తిన్నవా? చెయ్యి కడుక్కొని ఇటు రా. గొలుసు ఎనక కొండి బిగుసుకపోయింది, నాకు అందుతలేదు. ఇప్పు."

"నేనా వదినె?"

"నువ్వే."

"నా చేతులతోని... మహిపాల్‌ను ఇప్పమను. అన్నను ఇప్పమను."

"వాళ్లకేం ఎరుక కొండి ఎట్లుంటదో. నీకు ఎరుక. ఇప్పు అంటున్న గద, జల్ది. పిల్ల ఆడ ఒక్కతే ఉన్నది."

"మెడ వంచు. ఇంకా. ఆ... వచ్చింది."

"ఇటియ్యి. ఓ మహిపాల్ నాయినా, చెయ్యి చాపు. ఎంగిలి చెయ్యా? కడుక్కొని రా పో. ఆ, ఇగో, పట్టుకో. జేబుల ఏసుకోకు, మంచం మీద పెట్టకు, చేతుల్నే పట్టుకో. నేనొచ్చేదాంక నీకేమన్న అయిందో, నీ సంగతి చెప్త."